గోటితో పోయే మైనానికి గొడ్డలి
కొవ్వొత్తి జార్లను మళ్ళీ వాడుకోవాలనుకునేవారికి తొందరపాటు చిట్కాలు

దీపావళికి ఆఫీసు వాళ్ళిచ్చిన పెట్టెలో ఒకటి, గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు చేతిలో పెట్టి వెళ్ళింది ఒకటి, పుట్టినరోజుకి మేనకోడలు ఆన్‌లైన్‌లో పంపింది ఒకటి. ఈ మధ్య మన ఇళ్ళలో సువాసన కొవ్వొత్తులు ఎక్కువయ్యాయి. కరెంటు పోతే స్టీలు గ్లాసు బోర్లించి, నాలుగు చుక్కల మైనం కార్చి, దాని మీద నిలబెట్టే తెల్ల కొవ్వొత్తితో ఏ గొడవా లేదు. అది కరిగాక గ్లాసును మర్నాడు గోరుతో గీకి మజ్జిగకి వాడేసుకునేవాళ్ళం. ఇప్పటివి అలా కాదు. మందపాటి గాజు జారు, చెక్క మూత, మీద బంగారు రంగు అక్షరాలు. లోపల లావెండరో, గంధమో, వెనిల్లానో. వెలిగించినన్నాళ్ళు వెలిగించాక అడుగున కాస్త మైనం, మసిబారిన అంచు, ఒక కాలిన వత్తి మిగుల్తాయి. అప్పుడు చూస్తే కొవ్వొత్తి కంటే జారే బాగుందనిపిస్తుంది. పారెయ్యడానికి చెయ్యి రాదు.

చెయ్యి రాకపోవడం మన వంటిళ్ళ సంప్రదాయమే. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బ్రూ సీసాలో ఇంగువ, జామ్ సీసాలో ఆవాలు పోసుకుంటూ వచ్చినవాళ్ళం. సీసా మీద ఏం రాసి ఉందో అదొక్కటి తప్ప అన్నీ అందులో దొరుకుతాయి. అయితే హార్లిక్స్ సీసా కడగడానికి చిట్కాలు అక్కర్లేదు, రెండుసార్లు నీళ్ళు పోసి కుదిపితే చాలు. కొవ్వొత్తి జారు అలా లొంగదు. మైనం చన్నీళ్ళకి కరగదు, సబ్బుకి జంకదు, లేబులు పీకితే సగమే వస్తుంది. అందుకే దీనికొక శాస్త్రం అవసరమైంది.

ఆ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: ఆలస్యం అమృతం విషం. పని ఎంత త్వరగా మొదలుపెట్టామన్నదే లెక్క, ఎలా ముగిసిందన్నది తర్వాతి సంగతి. ‘నిదానమే ప్రధానం’ అని ఇంకో సామెత ఉంది గానీ, అది తీరిక ఉన్నవాళ్ళు పుట్టించింది. మా ఎదురింటి పిన్నిగారు ఆ రెండో సామెత మనిషి. ఆవిడ దగ్గర ఇలాంటి జార్లు వరసగా తళతళలాడుతూ ఉంటాయి. ఎలా చేశారని అడిగితే, ‘ఏముందమ్మా, కాసేపు ఆగాను’ అంటారు. ఇదొక జవాబా! శాస్త్రం పూర్తిగా ఉండాలి కాబట్టి ఆవిడ మాటలూ అక్కడక్కడా ఇచ్చాను. తొందరలో ఉన్నవారు వాటిని దాటేసి చదువుకోవచ్చు.

కావలసినవి

కొవ్వొత్తి జారు – 1 (రెండుంటే మంచిది, కారణం మూడో చిట్కాలో తెలుస్తుంది)
కూరగాయల కత్తి – 1, మొన ఉన్నది
మరిగే నీళ్ళు – ఎన్నైనా
వంటసోడా, నిమ్మకాయలు, చింతపండు – ఇంట్లో ఉన్నంత
స్టీలు పీచు – కొత్తది
పెయింటు థిన్నర్ – ఒక సీసా
ప్లంబరు ఫోన్ నంబరు – 1
బ్యాండేజీ – ఒక చుట్ట
ఓపిక – అక్కర్లేదు

చిట్కా 1: అడుగంటా కాల్చండి

మైనం తియ్యడం కష్టం. కాబట్టి తియ్యడానికి మైనమే లేకుండా చేసుకోవాలి. వత్తి తనంతట తాను ఆరిపోయేదాకా వెలగనివ్వండి. మధ్యలో చూడక్కర్లేదు, మీ పని మీరు చూసుకోండి.

అమెరికాలో కొవ్వొత్తుల తయారీదార్లకు నేషనల్ కాండిల్ అసోసియేషన్ అని ఒక సంఘం ఉంది. జారులో అరంగుళం మైనం మిగిలి ఉండగానే వెలిగించడం ఆపెయ్యమని ఆ సంఘం చెబుతుంది. మంటకీ అడుగు గాజుకీ మధ్య ఉన్న అడ్డు ఆ మైనమే. అది అయిపోతే వత్తిని పట్టుకుని ఉన్న రేకు బిళ్ళ వేడెక్కుతుంది. దాని కింద గాజు ఒక్కచోటే కాగి పగులుతుంది, ఆ కింద ఉన్న బల్లకి కూడా మచ్చ పడుతుంది. మనం మాత్రం అరంగుళం మైనానికి కూడా డబ్బు కట్టాం కదా! వదిలేస్తే దండగ. బల్ల సంగతి తర్వాత చూసుకుందాం.

వెలిగించే ముందు వత్తిని పావు అంగుళం ఉంచి కత్తిరించుకుంటే మంట పొట్టిగా, నిలకడగా ఉండి మసి తక్కువ పడుతుందని పిన్నిగారు అంటారు. మసే లేకపోతే మనం తోమేదేమిటి?

చిట్కా 2: కత్తితో మొదలుపెట్టండి

ఇంకా మైనం మిగిలిందంటే అది మొండి మైనం. మొండివాళ్ళతో మంచిగా మాట్లాడి లాభం లేదు. జారుని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో అంచు పట్టుకుని, కుడిచేత్తో కత్తి మొన మైనంలో గుచ్చి మెలితిప్పండి. మొన జారినప్పుడు రెండు దారులుంటాయి: ఎడమ అరచెయ్యి, లేదా గాజు. అరచేతికి బ్యాండేజీ ముందే చెప్పాను. గాజుకి మాత్రం బ్యాండేజీ లేదు.

గాజు చూడ్డానికి సుకుమారం గానీ నిజానికి చాలా గట్టి పదార్థం. దాన్ని బలహీనం చేసేది దాని ఒంటి మీది సన్నసన్నటి గీతలు. ఇంగ్లండు ఇంజనీరు ఏ.ఏ. గ్రిఫిత్ 1921లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతి లెక్కలు కట్టి చూపించాడు: కంటికి కనబడని గీత కొస దగ్గర కూడా ఒత్తిడంతా పోగుపడి, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. అద్దాల షాపులో జరిగేదీ అదే. మొనతో ఒక్క గీత గీసి, తట్టి, గీత వెంట విరుస్తారు. కత్తితో జారు అడుగంతా గీకినవారు సగం పని అద్దాల షాపు పద్ధతిలో పూర్తి చేసినట్టే. మిగతా సగం ఏదో ఒకరోజు వేడి నీళ్ళు చూసుకుంటాయి.

పిన్నిగారు కత్తి ముట్టరు. మైనం మెత్తబడ్డాక ఐస్‌క్రీమ్ పుల్లతో చుట్టూ ఒక్కసారి తిప్పుతారు. మెత్తబడేదాకా ఏం చేస్తారని అడక్కండి. ఏమీ చెయ్యరు.

చిట్కా 3: చలినీ వేడినీ ఒక్క దెబ్బలో ప్రయోగించండి

ఈ శాస్త్రానికి ఇది గుండెకాయ. శ్రద్ధగా చదవండి.

మైనం వదిలించడానికి లోకంలో రెండు మర్యాదైన పద్ధతులున్నాయి. ఒకటి చలి. జారుని ఫ్రీజరులో కొన్ని గంటలు ఉంచితే మైనం కుంచించుకుపోతుంది. గాజు అంతగా కుంచించుకోదు. రెండింటి మధ్య పట్టు వదిలిపోయి, జారు బోర్లించి తడితే మైనం ముద్దగా రాలిపడుతుంది. సోయా మైనం కాస్త జిడ్డుగా అతుక్కుంటుంది గానీ, పారఫిన్ మైనం చాలాసార్లు శుభ్రంగా ఊడి వస్తుంది.

రెండోది వేడి. పారఫిన్ మైనం రకాన్ని బట్టి సుమారు 46 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. సోయా మైనానికి 50 డిగ్రీల అటూ ఇటూ చాలు. అంటే కళపెళ మరిగించక్కర్లేదు. ముందు గోరువెచ్చని నీళ్ళు, అవి పారబోసి ఇంకాస్త వేడివి, అలా మెల్లగా పెంచుకుంటూ పోతే చాలు. మైనం నీళ్ళకంటే తేలిక కాబట్టి కరిగినది పైకి తేలుతుంది. నీళ్ళు చల్లారాక అప్పడంలా గడ్డకట్టి చేతికొస్తుంది.

రెండు పద్ధతులూ పనిచేస్తాయి. రెండిటికీ ఒకటే జబ్బు, ఆగాలి. మన శాస్త్రం ఇక్కడే అడుగు ముందుకు వేసింది. రెండు మంచి పద్ధతుల్ని కలిపితే రెట్టింపు మంచి పద్ధతి రావాలి కదా! కాబట్టి జారుని ఫ్రీజరులోంచి తీసిన మరుక్షణం, దాని ఒంటి మీద తెల్లగా మంచు పట్టి ఉండగానే, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు ధారగా పొయ్యండి.

ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీలు, మరిగే నీళ్ళు 100 డిగ్రీలు. తేడా 118. నీళ్ళు తగిలిన లోపలి గాజు వెంటనే వ్యాకోచించబోతుంది. గాజుకి వేడిని చప్పున అవతలికి పంపే గుణం లేదు కాబట్టి బయటి పొరకి ఆ కబురు ఇంకా అందదు, అది చలిలోనే బిగుసుకుని ఉంటుంది. లోపలిది తోస్తుంది, బయటిది కదలదు. ‘టక్’ మని ఒక చప్పుడు వినిపిస్తుంది. మైనం వదిలిన శబ్దం అదేనని సంతోషించండి. నిజంగానే మైనం వదులుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఇక జారు ఉండదు.

‘మా జారు బాగా మందం, తట్టుకుంటుంది’ అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. ఆ ధైర్యాన్ని చెడగొట్టకూడదు గానీ, మందం పెరిగేకొద్దీ లోపలి పొరకీ బయటి పొరకీ వేడిలో తేడా ఎక్కువసేపు నిలుస్తుంది, మందపు గాజే ముందు పగులుతుంది. వేడిని తట్టుకునే గాజు వేరే ఉంది. ప్రయోగశాల బీకర్లకు వాడే బోరోసిలికేట్ గాజును జర్మనీలో ఒట్టో షాట్ 19వ శతాబ్దం చివర్లో తయారు చేశాడు. అమెరికాలో కార్నింగ్ కంపెనీ 1915లో పైరెక్స్ పేరుతో ఆ రకం గాజును వంటింట్లోకి తెచ్చింది. వేడికి అది సాగేది మామూలు గాజు సాగేదాంట్లో మూడో వంతు మాత్రమే. కొవ్వొత్తి జార్లు చాలావరకు మామూలు సోడా–సున్నపు గాజువి. పేరు అడగడానికి కూడా టైము లేనివాళ్ళం, గాజు జాతి అడుగుతామా?

ఇంకా తొందరగా ఉన్నవారికి: జారు నిండా నీళ్ళు పోసి మూత బిగించి ఫ్రీజరులో పెట్టండి. మైనం చలికి కుంచించుకుంటే, నీళ్ళు మంచుగా మారేటప్పుడు 9 శాతం దాకా ఉబ్బుతాయి. వేడి నీళ్ళ ఖర్చు కూడా లేకుండా అదే ఫలితం దక్కుతుంది.

చిట్కా 4: పొయ్యి మీద పెట్టెయ్యండి

నీళ్ళని మధ్యవర్తిగా పెట్టుకోవడమెందుకు? జారుని నేరుగా స్టవ్ మీద పెట్టి పెద్ద మంట వెయ్యండి. పాలు పొంగేలోపు ఫోను చూసుకోవడం మనకి అలవాటే, ఇదీ అంతే.

లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860–61 క్రిస్మస్ సెలవుల్లో మైకేల్ ఫారడే పిల్లలకోసం కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మండేది గట్టి మైనం కాదు, కరిగిన మైనం వత్తి వెంట పైకి పాకి ఆవిరైతే, ఆ ఆవిరి మండుతుందని చేసి చూపించాడు. కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చిన మనిషి జారు ఎలా కడగాలో ఒక్క మాట చెప్పలేదు. అయినా ఆయన చెప్పినదాంట్లో మనకి పనికొచ్చేది ఉంది. పొయ్యి మీద మైనం సుమారు 200 డిగ్రీలు దాటితే వచ్చే ఆవిరికి అంటుకోవడానికి వత్తి కూడా అక్కర్లేదు, పక్కనున్న మంట చాలు.

అంటుకున్నాక చేతికందిన నీళ్ళు పొయ్యాలన్నది అందరికీ తోచే ఉపాయం, తొందరకు తగినది కూడా. నీళ్ళు బరువు కాబట్టి మండే మైనం కిందికి దిగి, ఆ వేడికి ఒక్క క్షణంలో ఆవిరవుతాయి. నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతాయి. అంత ఆవిరి పైకి లేస్తూ మండే మైనాన్ని తనతో పాటు ఇల్లంతా చిమ్ముతుంది. జారు కడుగుదామని మొదలుపెట్టి వంటిల్లు మొత్తానికి రంగులు వేయించుకునే అవకాశం ఇది.

పిన్నిగారైతే మైనాన్ని అసలు పొయ్యెక్కించరు. గిన్నెలో నీళ్ళు కాచి, పొయ్యి ఆపేసి, కాస్త చల్లారాక అందులో జారు నిలబెడతారు. ఎప్పుడైనా నూనె గానీ మైనం గానీ అంటుకుంటే పొయ్యి కట్టేసి, పక్కనుంచి మూత జరిపి మంట నోరు మూసెయ్యాలని, నీళ్ళు మాత్రం పొయ్యవద్దని వాళ్ళ మనవలకి కూడా నేర్పారు.

మైక్రోవేవ్ ఉన్నవారు జారుని అందులో పెట్టి రెండు నిమిషాలు తిప్పండి. అడుగున వత్తి కింద అతికించిన రేకు బిళ్ళ ఉంటుంది చూశారా, దాన్ని తియ్యకండి. లోపల చిటపటమని నీలం మెరుపులు కనిపిస్తాయి. దీపావళికి వచ్చిన కానుక దీపావళిలాగే వెళ్ళాలి.

చిట్కా 5: కరిగినదాన్ని సింకులో పొయ్యండి

ఏదో రకంగా మైనం కరిగిందనుకుందాం. అంతకంటే సులువైన దశ లేదు. సింకు పక్కనే ఉంది. నీళ్ళలాగే ఉంది కాబట్టి నీళ్ళలాగే వెళ్తుంది. వేడిగా ఉన్నంతసేపు నిజంగానే వెళ్తుంది, సింకు కింద ఉన్న గొట్టపు వంపు దాకా. అక్కడ ఎప్పుడూ నిలవుండే నీళ్ళు చల్లగా ఉంటాయి. మైనం అక్కడ ఆగి, గట్టిపడి, గొట్టం గోడలకి పట్టుకుంటుంది. ఆ మీద పప్పు కడిగిన నీళ్ళు, అన్నం మెతుకులు, పెనం మీది నూనె వచ్చి చేరతాయి. రెండు మూడు రోజులకి సింకు గుటకలు వేయడం మొదలుపెడుతుంది.

కంగారు పడి వేడి నీళ్ళు పొయ్యండి. మైనం అక్కడ కరిగి, ఇంకాస్త ముందుకు వెళ్ళి, మీ చెయ్యి అందని చోట మళ్ళీ గడ్డ కడుతుంది. అపార్టుమెంటులో ఉంటే అది కింది ఫ్లాటువాళ్ళ గోడలోకి కూడా చేరవచ్చు. పరిచయాలు ఇలాగే పెరుగుతాయి. ఇప్పుడు కావలసినవాటిలో ఏడోదాన్ని బయటికి తియ్యండి.

పిన్నిగారు కరిగిన మైనాన్ని పాత పేపరు మీదికి వంచి గడ్డకట్టనిస్తారు. అందులో కొంత ముక్కలు చేసి దాస్తారు. వానాకాలంలో ఉబ్బి బిగుసుకునే తలుపు అంచుకి ఆ మైనం రుద్దితే తలుపు జారుతుంది, మొరాయించే జిప్పుకి రుద్దితే జిప్పు నడుస్తుంది. ఇలా చెత్తలోంచి సొమ్ము చేసుకునేవాళ్ళ వల్లే ప్లంబర్లకి పని తగ్గిపోతోంది.

చిట్కా 6: పొంగిందంటే పని జరిగినట్టే

ఇంకా జారు గోడలకి పల్చటి మైనపు పొర, అంచున మసి ఉంటాయి. వంటింట్లో పుల్లనిది, ఉప్పనిది, నురగ వచ్చేది ఏముంటే అది అందులో వెయ్యండి. చింతపండు గుజ్జు ఇత్తడి చెంబుని మెరిపిస్తుంది కదా, గాజుని మెరిపించదా? వంటసోడా వేసి నిమ్మకాయ పిండండి. బుస్సుమని పొంగుతుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది.

చింతపండు ఇత్తడి మీద పనిచేసేది అక్కడున్న లోహపు చిలుము పులుపుకి కరుగుతుంది కాబట్టి. పారఫిన్ మైనం కర్బనం, ఉదజని కలిసిన పదార్థం. పులుపుతో దానికి పేచీ లేదు, సోడాతో స్నేహమూ లేదు. నిమ్మరసం, సోడా కలిస్తే ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. ఆ పొంగు రెండూ కలిసి వదిలిన కార్బన్ డయాక్సైడ్. వాటి తగాదాలో మైనం ప్రేక్షకుడిగా కూర్చుని చూస్తుంది. నురగ తగ్గాక అది ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటుంది, ఖర్చయినవి నిమ్మకాయలు.

జారు ఇంకా వెచ్చగా ఉండగానే పాత పేపరుతో లోపలంతా తుడిచేస్తే ఆ పొర పేపరుకి అంటుకుని వచ్చేస్తుంది. తర్వాత గిన్నెలు తోమే సబ్బు, వేడి నీళ్ళు, మెత్తని పీచు. మసి మిగిలితే దూదికి శానిటైజర్ అద్ది తుడవడం. ఇదంతా పిన్నిగారి పద్ధతి. ఎక్కడా నురగ లేదు, చప్పుడు లేదు, చూసేవాళ్ళకి వినోదమూ లేదు.

చిట్కా 7: లేబులు మీద యుద్ధం

లేబులు ఒక మూల దొరకగానే పట్టుకుని ఒక్క గుంజు గుంజండి. పైపొర వస్తుంది, కింది పొర జారుకే ఉంటుంది. దాని మీద స్టీలు పీచు ప్రయోగించండి. కాగితం పోయి జిగురు మిగులుతుంది. జిగురు మీద ఇంకా గట్టిగా తోమండి. ఇప్పుడు జిగురు జారంతా పరుచుకుంటుంది, స్టీలు పీచు తునకలు అందులో ఇరుక్కుంటాయి. వంటింటి కిటికీ మూసి, స్టవ్ పక్కనే నిలబడి థిన్నర్ సీసా తెరవండి. థిన్నర్ ఆవిరికి నిప్పంటే ఎంత ఇష్టమో సీసా మీదే బొమ్మ వేసి ఉంటుంది గానీ, లేబుళ్ళు చదివేవాళ్ళమైతే ఈ గొడవే ఉండదు. జారు మీద నేరుగా అచ్చువేసిన బంగారు అక్షరాలు అప్పటికి మీ వేళ్ళ మీదికి మారి ఉంటాయి.

కాగితపు లేబులైతే కాసేపు నీళ్ళలో నానబెడితే చాలు. ప్లాస్టిక్ స్టిక్కరు జిగురు నీళ్ళకి లొంగదు, నూనెకి లొంగుతుంది. రెండు చుక్కల కొబ్బరి నూనెలో కాస్త వంటసోడా కలిపి ముద్దలా రాసి, అరగంట వదిలేసి, బట్టతో తుడిచి, సబ్బుతో కడగాలి. అరగంటలో నూనె జిగురులోకి దిగి దాన్ని వదులు చేస్తుంది. మళ్ళీ ఆ అరగంటే! పిన్నిగారు ఆ అరగంటలో మధ్యాహ్నం నిద్ర కూడా కానిచ్చేస్తారు.

చిట్కా 8: వెంటనే ఆవకాయ పెట్టండి

జారు ఇంతవరకు బతికుంటే అది అసాధ్యురాలు. దానికి తగిన గౌరవం ఆవకాయే. ఒకసారి ముక్కుతో చూడండి, ఇంకా లావెండర్ వాసన వస్తోందా? మంచిది. కొవ్వొత్తిలో కలిపే సువాసన నూనెలు మూతకీ, మూత లోపలి రబ్బరు చుట్టకీ పట్టుకుని అంత సులువుగా పోవు. మూడోరోజు ఆవకాయ తిరగ కలపడానికి మూత తీసినప్పుడు ఆవపిండి ఘాటు ముందొస్తుందా, పూలతోట ముందొస్తుందా అన్నది ఇంటిల్లిపాదీ పందెం వేసుకోవచ్చు.

కొవ్వొత్తి జారు తినే పదార్థాల కోసం చేసింది కాదు. లోపలి పూతలు, బయటి రంగులు, మూత రేకు వీటిని ఆ ఉద్దేశంతో ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. ఉప్పు, పులుపు, నూనె మూడూ కలిసిన ఆవకాయ మూత రేకుని తుప్పు పట్టించగలదు, రంగుల్లోంచి లోహాన్ని బయటికి లాగగలదు. వత్తి నిలబడటానికి లోపల సీసపు తీగ పెట్టిన కొవ్వొత్తుల్ని అమెరికా 2003లో నిషేధించింది. అంటే అంతవరకూ అక్కడ అవీ అమ్ముడుపోయాయన్నమాట. మన చేతిలో ఉన్న జారు ఏ ఊళ్ళో, ఏ వత్తితో తయారైందో కానుక ఇచ్చినవాళ్ళకే తెలియదు. మనమెందుకు పట్టించుకోవాలి?

పిన్నిగారు తినేవి మాత్రం జాడీలోనే పెడతారు. ఈ జార్లలో దేవుడి దగ్గరికి పత్తి వత్తులు, కుట్టుపెట్టెలోకి గుండీలు, పిన్నీసులు, బాత్‌రూములో బ్రష్షులు, కిటికీలో మనీప్లాంటు కాడ. ఒకదాంట్లో కూడా ఆవకాయ లేదు. ఇంత కష్టపడి కడిగి గుండీలు పోసుకోవడం కూడా ఒక పనేనా?

పాఠకుల సందేహాలు, సమాధానాలు

సందేహం: మైనం పట్టుచీర మీద పడింది. ఏం చెయ్యాలి?
సమాధానం: వేడి వేడి ఇస్త్రీ పెట్టె నేరుగా దాని మీద పెట్టండి. మైనం పీల్చుకోవడానికి పైనా కిందా మడత కాగితం పెట్టాలని, పెట్టె గోరువెచ్చగా ఉండాలని, ముందు గట్టిపడిన మైనం గోటితో రాల్చుకోవాలని, పట్టయితే అసలు డ్రైక్లీనింగుకే ఇవ్వాలని అనేవాళ్ళున్నారు. ఇలా అంచెలంచెలుగా వెళ్తే పెళ్ళి అయిపోతుంది. నేరుగా పెడితే మైనం దారాల్లోకి ఇంకి శాశ్వతంగా స్థిరపడుతుంది. ఆ చీర మీద ఇంక వేరే మచ్చ గురించి బెంగ ఉండదు.

సందేహం: నేల మీద టైల్స్ మీద ఒలికింది.
సమాధానం: వేడి నీళ్ళు పోసి మాపు వెయ్యండి. ఒకచోట ఉన్న మైనం హాలంతా సమానంగా పరుచుకుంటుంది. అత్తగారు కాలు జారకుండా చూసుకునే బాధ్యత మాత్రం ఈ శీర్షికది కాదు. గట్టిపడేదాకా ఆగి, పాత ఏటీఎం కార్డు అంచుతో లేపితే ముక్కలుగా వచ్చేస్తుందని పిన్నిగారు అంటున్నారు. ఆగడమంటే ఆవిడకి అంత సరదా.

సందేహం: వత్తి కింద రేకు బిళ్ళ ఎంత లాగినా రావడం లేదు.
సమాధానం: స్క్రూడ్రైవరు దాని కింద పెట్టి సుత్తితో కొట్టండి. బిళ్ళ కచ్చితంగా వస్తుంది, జారు అడుగుతో సహా. బిళ్ళని అంటించినది జిగురు కాబట్టి వేడి నీళ్ళు పోసి కాసేపు ఉంచితే మెత్తబడి పుల్లతో తోసినా వస్తుందనేది రెండో పక్షం.

సందేహం: మీ చిట్కాలన్నీ చేశాను. జారు పగిలింది. డబ్బు ఆదా అయినట్టా, కానట్టా?
సమాధానం: లెక్క చూడండి. పోయినవి ఒక జారు, నాలుగు నిమ్మకాయలు, చింతపండు, స్టీలు పీచు, థిన్నర్, ప్లంబరు కూలి, బ్యాండేజీ. మిగిలినవి వేడి నీళ్ళు, పాత పేపరు, రెండు చుక్కల కొబ్బరి నూనె, ఓపిక. ఏమీ ఖర్చు లేనివన్నీ భద్రంగా మిగిలాయి. ఆదా అంటే అదే.

చివరి చిట్కా: పెంకుల్ని వదిలించుకోవడం

ఈ శాస్త్రాన్ని నిష్ఠగా పాటించినవారి చేతిలో చివరికి మిగిలేవి గాజు పెంకులు. వాటిని కూడా అంతే వేగంగా వదిలించుకోవాలి.

పిన్నిగారి చేతిలో కూడా ఎప్పుడైనా గాజు పగులుతుంది. ఆవిడ పెద్ద పెంకులు ఏరి, సన్న తునకలు తడి కాగితంతో ఒత్తి తీస్తారు. అన్నీ పాత పేపరులో నాలుగు మడతలు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి టేపు వేస్తారు. పైన ‘గాజు పెంకులు, జాగ్రత్త’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. చెత్త బండి వచ్చినప్పుడు దాన్ని తడిచెత్తలో కలపకుండా విడిగా చేతికిచ్చి, ‘ఇందులో గాజుంది బాబూ’ అని నోటితో కూడా చెబుతారు. ఈ తతంగానికి పది నిమిషాలు పడుతుంది.

మన పద్ధతికి పది సెకన్లు చాలు. బీరకాయ తొక్కలు, టీ పొడి, నిన్నటి అన్నం ఉన్న పల్చటి కవరులోనే పెంకులూ వేసి ముడి వేసెయ్యండి. బండి దగ్గర నిలబడి తడిచెత్త, పొడిచెత్త ఒట్టి చేతుల్తో వేరుచేసే మనిషి ఆ కవరు విప్పేసరికి బండి రెండు వీధులు దాటి ఉంటుంది. గుచ్చుకుంటే ఎవరింటి గాజో అతనికి తెలియదు, కవరు మీద మీ పేరు రాసి ఉండదు. మిగిలిన చిట్కాలన్నిట్లో నష్టం మీకే. నష్టం మొత్తం ఇంకొకరి చేతికి పోయే చిట్కా ఇదొక్కటే, అందుకే మన వీధుల్లో అందరూ దీన్ని ఎవరూ నేర్పకుండానే పాటిస్తున్నారు.